ఆ నాలుగు సెంట్లు మాత్రం అమ్మొద్దు

రేయ్ అబ్బీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం చేతికొచ్చింది. ఇన్నేళ్లు ఆ చిన్న వర్క్‌షాపులో మసినూనె చేతులతో కష్టపడినోడివి, ఇప్పుడు కర్నూలు పక్క సిమెంటు ఫ్యాక్టరీలో మెకానికల్ ఫోర్‌మన్‌గా పోతున్నావంటే నాకే ఉద్యోగం వచ్చినంత సంతోషంగా ఉంది. చెల్లెమ్మ సంబరం గురించి కూడా రాసినావు. రెండు గదుల క్వార్టరు, పొద్దస్తమానం నీళ్లు, కరెంటు బిల్లు గొడవ లేదు, పాపకు గేటు దాటకుండానే బడి. తెల్లారకముందే లేచి కొళాయి కాడ బిందెలు వరసపెట్టిన మనిషికి అంతకంటే ఏం కావాల. ఆమె సంతోషం న్యాయమైందే.

కానీ ఆఖర్న ఒక ముక్క రాసినావు చూడు: "క్వార్టరు ఎట్లాగూ ఇస్తాండారు, మైదుకూరు రోడ్డులో నాలుగు సెంట్లు ఊరికే పడుండేది ఎందుకు, అమ్మేసి పెద్దోడి ఇంజినీరింగ్ ఫీజు కట్టేస్తా" అని. అది చదివినప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. ఫోన్ చేస్తే "సరేలేరా, చూద్దాంలే" అని మాట దాటేస్తావు. అందుకే ఉత్తరమే రాస్తున్నా. చెల్లెమ్మకు కూడా చదివి వినిపించు.

ఆ స్థలం అమ్మొద్దు. ఎందుకు వద్దంటున్నానో మొత్తం చెప్తా.

నువ్వు ప్రొద్దుటూరులో మగ్గాల ఇంట్లో పుట్టినోడివి. మీ నాయన రోజుకు రెండు పూటలు పస్తున్నా ఇల్లు మాత్రం మీ తాత కట్టింది. "ఈ ఇల్లు ఎవరిది" అన్న మాటే మీ ఇంట్లో ఎప్పుడూ వచ్చుండదు. నేను యర్రగుంట్ల పక్క సిమెంటు కాలనీలో పెరిగినోణ్ణి. కాలనీ అంటే ఏందో నాకు తెలిసినట్టు నీకు తెలీదు.

ముందు మంచి చెప్పాలి, లేకపోతే కళ్లు పోతాయి. మన పక్క ఈ ఫ్యాక్టరీలు ఎందుకొచ్చినాయి? భూమిలో సున్నపురాయి ఉంది, పక్కనే రైలు పట్టాలున్నాయి. అంతే. నీళ్లు లేవు, చెట్లు లేవు, మంచి బడి లేదు, డాక్టరు లేడు. ఇంజినీర్లను, ఫిట్టర్లను బయటినుంచి తెచ్చుకోవాలంటే ఇవన్నీ కంపెనీయే పెట్టుకోవాల. అట్లా పుట్టినాయి కాలనీలు. బేతంచెర్ల దగ్గర ఏకంగా సిమెంట్ నగర్ అని రైల్వే స్టేషనే ఉంది, నువ్వు గుంతకల్లు బండిలో పోయేటప్పుడు చూసే ఉంటావు. ఫ్యాక్టరీ పేరే ఊరి పేరు.

మా కాలనీలో వేప చెట్ల వరసలు, కమ్యూనిటీ హాలు, పదో తేదీ జీతాలు, వినాయక చవితికి కంపెనీ తరఫున పందిరి. మే నెలలో చుట్టుపక్కల పల్లెల్లో బోర్లు ఎండిపోతే మా కొళాయిల్లో మాత్రం నీళ్లొచ్చేవి. పల్లె ఆడవాళ్లు కంచె అవతల బిందెలు పట్టుకొని నిలబడేవాళ్లు. మా అమ్మ పైపు కంచె సందులోంచి అవతలికి వేసి పట్టేది. సెక్యూరిటీ వాళ్లు అరిస్తే "నువ్వు అటుపక్క తిరుగు నాయనా, నీకేం కనపడలేదు" అనేది. అట్లా ఎన్ని బిందెలు పోయినాయో.

దుమ్ము గురించి కూడా ఒక మాట. చిమ్నీకి ఈఎస్పీ అని ఒకటుంటుంది, పొగలోని దుమ్మును కరెంటుతో పట్టుకునేది. నీకు ఎట్లాగూ దాంతోనే పని పడుతుంది. అది ట్రిప్పయితే ఆ పూట కాలనీ మీద తెల్లగా కురిసేది. ఆ పైన నాలుగు చినుకులు పడితే మిద్దె మీద, కిటికీ ఊచల మీద పెచ్చు కట్టి గట్టిపడేది, ఉలి పెట్టి గీకాల్సి వచ్చేది. పాప దగ్గితే నిర్లక్ష్యం చేయొద్దు. క్వార్టరు ఎంచుకొనే వీలుంటే చిమ్నీ పక్క నుంచి గాలి తగలనిది అడుగు.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. మా నాయన కిల్న్ బర్నరు. రాత్రి షిఫ్టుల్లో ఆ కొలిమి మంట చూసీ చూసీ కళ్లు మసకబారినాయి. యాభై ఎనిమిదేళ్లకు రిటైరయినాడు. సన్మానం చేసినారు, శాలువా కప్పినారు. ఆ తర్వాత ఎస్టేట్ ఆఫీసు క్లర్కు లిస్టు పట్టుకొని ఇంటికొచ్చినాడు. ఫ్యాన్లు మూడు, ట్యూబులైట్లు నాలుగు, కొళాయిలు ఐదు. ఒక్కొక్కటి వేసి చూసి టిక్కు పెట్టుకున్నాడు. సింకు చీలింది అని రాసుకున్నాడు. వంటింట్లో మా అమ్మ రోలుంది. ఆమె పెళ్లినాడు పుట్టింటోళ్లు ఇచ్చింది. కదలకుండా ఉండాలని మా నాయన ఎప్పుడో దాన్ని గచ్చులో పాతి చుట్టూ సిమెంటు పూసినాడు. మా అమ్మ గునపం తెప్పించుకొని పెకిలించబోతే క్లర్కు అడ్డమొచ్చినాడు. నేలకు బిగించిందంతా కంపెనీ ఆస్తి, గచ్చు పగిలితే డబ్బులు కోస్తారు, అని. పాపం అతని తప్పేం లేదు, అతనికిచ్చిన లిస్టు అట్లాంటిది. బాకీలేమీ లేవనే నో డ్యూస్ సర్టిఫికెట్ మీద అతను సంతకం పెడితేనే గ్రాట్యుటీ కాగితం కదిలేది. మా నాయన గునపం పక్కన పెట్టేసి, "వద్దులే, కొత్తది కొందాం" అన్నాడు. మా అమ్మ ఆ రోలు కడిగి, తుడిచి, బయటికొచ్చింది. పాతికేళ్లు బతికిన ఇంట్లో తన రోలు తనది కాదని తెలిసిన రోజు అది. ఇప్పటికీ ఆమె మిక్సీ వేసేటప్పుడు ఆ మాట ఎత్తుతుంది.

తర్వాత యర్రగుంట్లలో అద్దెకు దిగినాం. స్థలం కొందామని తిరిగితే, నాయన ఉద్యోగంలో చేరినప్పుడు ఎవరూ ముట్టని ఎర్రనేలల ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఆ ధరలు పెరిగింది ఎందుకు? ఫ్యాక్టరీలు వచ్చినందుకే. ఊరి భూమికి విలువ తెచ్చిపెట్టింది మా నాయనలాంటోళ్ల చెమట, దాంట్లో గజం నేల కొనే శక్తి మాత్రం వాళ్లకు లేకపోయింది. మనసు మండేది నాకు అక్కడే.

చట్టం కూడా కంపెనీ పక్షానే ఉంది, అది తెలుసుకొని పో. కంపెనీల చట్టం 2013లో 452వ సెక్షన్ అని ఉంది. పనిలో నుంచి పోయాక క్వార్టరు ఖాళీ చేయకుండా పట్టుకు కూచుంటే జుర్మానా, కోర్టు ఇచ్చిన గడువు కూడా దాటితే జైలు. పీఎఫ్, గ్రాట్యుటీలాంటి బాకీలు కంపెనీ ఇంకా ఇయ్యకపోతే మాత్రం జైలుకు పంపకూడదని తర్వాత ఒక సవరణ చేసినారు. అదొక్కటే కాస్త ఊరట. ఇంకో లెక్క: క్వార్టరు తీసుకుంటే హెచ్ఆర్ఏ, అంటే ఇంటి బాడుగ కోసం జీతంతో ఇచ్చే భత్యం, రాదు. అంటే ఆ ఇల్లు ఊరికే ఇచ్చేది కాదు, నీ జీతంలో నుంచే నెలనెలా బాడుగ కడుతున్నావు. ఎన్నేళ్లు కట్టినా ఒక్క ఇటుక నీది కాదు.

ఇదంతా ఒక్క ఫ్యాక్టరీ కథ అనుకోవద్దు. నందలూరు తీసుకో. మా మేనమామ అక్కడ లోకో షెడ్డులో ఫైర్‌మన్, ఆవిరి ఇంజన్లో బొగ్గు వేసే పని. మద్రాసు–బొంబాయి లైనులో చెయ్యేటి ఒడ్డున పెద్ద షెడ్డు, ఇంజన్లకు బొగ్గు, నీళ్లు అక్కడే. వేలమంది బతికిన రైల్వే కాలనీ. సెలవులకు పోతే రాత్రంతా ఇంజన్ల చప్పుడే. డీజిల్ ఇంజన్లు వచ్చినాయి, ఆవిరి బండ్లు పోయినాయి, షెడ్డుకు పని లేకపోయింది. బదిలీ అయినోళ్లు అయినారు, రిటైరయినోళ్లు అయినారు. ఇప్పుడు ఆ క్వార్టర్లలో చాలా వాటికి పైకప్పుల్లేవు, కంప చెట్లు మొలిచినాయి. ఎవడూ దుర్మార్గం చేయలేదు అబ్బీ. పని పోయింది, పనితోపాటు ఊరు పోయింది.

నేను బళ్లో సోషల్ చెప్తాను కదా, పరిశ్రమల పాఠం కోసం చదువుతూ చదువుతూ దక్షిణ అమెరికాలో చిలీ దేశం దాకా పోయినాను. అటకామా అని ఎడారి ఉంది అక్కడ. మన అనంతపురం కరువు దాని ముందు ఏమీ కాదు, ఏళ్ల తరబడి చినుకు పడని చోట్లున్నాయి. కానీ ఆ నేలలో చిలీ సురేకారం ఉంది. ఎరువుకు, మందుగుండుకు ప్రపంచమంతా దానికోసమే ఎగబడిన కాలం. 200 పైగా కర్మాగారాలు లేచినాయి, ఒక్కొక్కటి ఒక్కో ఊరు. హంబర్‌స్టోన్ అని ఒకటి, 1872లో లా పాల్మా అన్న పేరుతో మొదలైంది. చెక్క ఇళ్లు, పైన రేకులు. పగలు నిప్పు, రాత్రి గడ్డకట్టే చలి. అయినా నాటకశాల ఉంది, ఇనుప పలకలతో చేసిన ఈత కొలను ఉంది. ఎడారి మధ్యలో ఈత కొలను! మా కమ్యూనిటీ హాలు చూసి చుట్టాలు నోరెళ్లబెట్టినట్టే అక్కడా చూసుంటారు.

జీతం ఎట్లా ఇచ్చేవాళ్లో తెలుసా? డబ్బు కాదు, బిళ్లలు. ఒక్కో కర్మాగారానికి ఒక్కో బిళ్ల. అది ఆ కంపెనీ అంగట్లోనే చెల్లుతుంది. పక్క ఊరికి పోతే విలువ తగ్గించి తీసుకుంటారు, లేదా అసలు తీసుకోరు. ఇల్లు కంపెనీది, అంగడి కంపెనీది, చేతిలో పైసా కూడా కంపెనీదే. 1907 డిసెంబరులో వేలమంది కార్మికులు ఎడారి దాటి ఇకీకే రేవు పట్నానికి నడిచిపోయి సమ్మె చేసినారు. వాళ్లు అడిగినవి చదివితే నాకు నిద్ర పట్టలేదు. బిళ్లలకు పూర్తి విలువ కట్టండి. అంగడి బయట త్రాసు పెట్టండి, తూకం మేమే చూసుకుంటాం. మరిగే తొట్లలో మనుషులు పడి చస్తున్నారు, వాటి మీద జాలీ బిగించండి. రాత్రిబడికి ఒక గది ఇప్పించండి. ఇంతే అడిగింది. డిసెంబరు 21న వాళ్లు తలదాచుకున్న సాంతా మరియా బడి ముందు సైన్యం కాల్పులు జరిపింది. ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. ఎంతమంది పోయినారో ఈనాటికీ లెక్క తేలలేదు.

ఆ తర్వాత జర్మనీలో గాలిలోని నైట్రోజన్ నుంచే ఎరువుకు కావాల్సిన సరుకు చేయడం కనిపెట్టినారు. హేబర్, బాష్ అని ఇద్దరు. ఎక్కడో ఒక ప్రయోగశాలలో జరిగిన పనికి అటకామాలో ఊళ్లకు ఊళ్లే మూతపడుతూ వచ్చినాయి. హంబర్‌స్టోన్ 1960లో ఆగింది. 2005లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ పుట్టిపెరిగినవాళ్లు ఇప్పుడు అక్కడికి పోయేది చూడ్డానికే, ఉండటానికి కాదు.

అదే దేశంలో ఇంకో ఊరుంది, సెవెల్. ఆండీస్ కొండల్లో రెండు వేల మీటర్ల ఎత్తున, ఎల్ తెనియెంతే రాగి గని కోసం అమెరికా కంపెనీ 1905లో మొదలుపెట్టింది. కొండ ఎంత నిటారుగా ఉందంటే వీధులే వేయలేకపోయినారు, ఊరంతా మెట్లే. ఒకప్పుడు 15,000 మంది దాకా ఉన్నారు. సారాయి నిషేధం, దొంగచాటుగా కొండలెక్కి తెచ్చి అమ్మేవాళ్లకు అక్కడి భాషలో వేరే పేరే ఉంది. 1945లో గనిలో పొగ కమ్ముకొని 355 మంది చనిపోయినారు. 1967 నుంచి కుటుంబాలను కింద లోయలో ఉన్న రాంకాగువా పట్నానికి దించడం మొదలుపెట్టినారు. పని కొండ మీద, కాపురం పట్నంలో. చాలామంది ఏడుస్తూ దిగినారంట. కానీ నాకనిపిస్తుంది, దిగినోళ్ల పిల్లలకు గని ఉన్నా లేకున్నా ఒక ఊరంటూ మిగిలింది.

స్వీడన్ ఉత్తరాన కిరునా అని ఇనుప గని ఊరు ఇప్పుడు జరుగుతోంది. గని తవ్వకంతో ఊరి కింద నేల కుంగుతుంటే ఊరినే పక్కకు మారుస్తున్నారు. 2025 ఆగస్టులో పెద్ద చెక్క చర్చిని కూడా చక్రాల మీద ఎక్కించి తీసుకుపోయినారు. అక్కడ సొంతిల్లు ఉన్నోడికి కంపెనీ రెండు దారులు ఇచ్చింది: మార్కెట్ ధర మీద 25 శాతం ఎక్కువ తీసుకో, లేదా బదులు కొత్త ఇల్లు తీసుకో. కాగితం చేతిలో ఉంటే కంపెనీ వచ్చి నీతో బేరమాడుతుంది. లేకపోతే క్లర్కు లిస్టు పట్టుకొని వస్తాడు. నేను ఇంత దూరం తిప్పి చెప్పేది దీనికోసమే.

మన పక్కనే కోలారు బంగారు గనులు చూడు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ తవ్వింది. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చుకున్న గనులవి. దొరలకు బంగళాలు, కూలోళ్లకు లైన్లు, ఒక్కొక్కటి ఒక్క గది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేసినారు. అయినా ఎంతోమంది ఆ లైన్లలోనే ఉండి, తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి పని చేసుకొని రాత్రికి తిరిగొచ్చినారు. వేరే ఊళ్లో నిలువ నీడ లేనోళ్లు ఇంకెక్కడికి పోతారు.

ఇంకొకటి అడుగుతా, కాదనొద్దు. నువ్వు ఫోర్‌మన్‌వి. నీ కింద కాంట్రాక్టు మనుషులు ఉంటారు. బిహారు, ఒడిశా, జార్ఖండ్ పిల్లోళ్లు, మన పల్లెల నుంచి ప్యాకింగ్ ప్లాంటుకొచ్చే హమాలీలు. వాళ్లకు కాలనీ గేటు లోపల చోటుండదు. మా కాలనీ గోడ వెనక వాళ్ల రేకుల కొట్టాలుండేవి. మే నెలలో ఆ రేకుల కింద పడుకోలేక రైలు పట్టాల పక్కన గుడ్డలు పరుచుకొని పడుకునేవాళ్లు. గోడకు ఇటుపక్క మేం ఫ్యాన్ల కింద. చిన్నప్పుడు అది మామూలే అనుకునేవాళ్లం. ఇతర రాష్ట్రాల నుంచి కూలికి తెచ్చినోళ్లకు ఉండేందుకు తగిన చోటు చూపించాలని 1979లోనే చట్టం చేసినారు. అది నడిచిన రోజుల్లో కూడా చట్టం ఉందని వాళ్లకు చెప్పేవాడే లేడు; 2025 నవంబరులో దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది. నువ్వు చేరిన మొదటి వారమే వాళ్లుండే చోటుకు పోయి చూడు. మరుగుదొడ్లు ఎన్ని, నీళ్ల ట్యాంకు ఎంత దూరం, షీట్ల కింద సీలింగ్ ఉందా లేదా. కాంట్రాక్టరు బిల్లు మీద నీ సంతకం కూడా పడుతుంది కాబట్టి నీ మాటకు విలువుంటుంది. అందర్నీ మార్చమనడం లేదు. నీ సంతకం కింద ఉన్నోళ్లనన్నా చూసుకో. నువ్వు చేస్తావని నాకు నమ్మకం, మీ నాయన మగ్గం కాడ పనికొచ్చిన పిల్లోడికి ముందు అన్నం పెట్టి తర్వాత తాను తిన్న మనిషి.

పెద్దోడి ఫీజు సంగతి. ముందు ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉందేమో కాలేజీలో కనుక్కో. మిగిలిన దానికి బ్యాంకులో విద్యా రుణం అడుగు, 7.5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ఉంది. మేనేజరు స్థలం కాగితాలు పెట్టమంటే వెంటనే ఒప్పుకోకు, నాకు చెప్పు, బ్యాంకులో పనిచేసే నా శిష్యుడొకడున్నాడు, వాణ్ని వెంటబెట్టుకొని పోదాం. మొదటి ఏడాదికి చేతిలో తక్కువ పడితే నా దగ్గర కొంత ఉంది. చీటీ ఎత్తినాను మొన్న. వడ్డీ మాట ఎత్తితే మాట్లాడను నీతో.

క్వార్టరుకు మాత్రం తప్పకుండా పోండి. చెల్లెమ్మ నీళ్ల కష్టం తీరనీ, పాప ఆ వేప చెట్ల కింద ఆడుకోనీ. నేను వద్దనేది క్వార్టరును కాదు, దాన్ని నమ్ముకొని ఉన్నది అమ్ముకోవడాన్ని. పోతూనే ఎంతో కొంత నెలనెలా పక్కన పెట్టు. ఐదారేళ్లలో ఆ నాలుగు సెంట్లలో రెండు గదులు లేపొచ్చు, బాడుగకిస్తే అదే రాబడి.

ఖాళీ స్థలాన్ని అట్లా వదిలేసి ఊరు విడిచి పోవద్దు, ఎవడో ఒకడు హద్దు జరుపుతాడు. ముందు ఈసీ, అంటే స్థలం మీద అప్పులు, లావాదేవీలు ఏమున్నాయో చూపే కాగితం, తీయించు, లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) జిరాక్సులు రెండు సెట్లు చేసి ఒకటి నాకియ్యి. నేను ఆదివారం పొద్దున బస్సుకు వస్తా. సర్వేయరును పిలిపించి కొలతలు వేయిద్దాం. చుట్టూ నాపబండలు పాతిద్దాం. ఇక్కడ యర్రగుంట్ల క్వారీ కాడ ఒకతను తెలుసు, పాలిష్ లేని బండలు తక్కువకే ఇస్తాడు. మూల రాళ్లు మాత్రం మందంగా ఉండేవి చూసి పంపమంటా. ఎన్ని అడుగుల ముఖం, ఎన్ని అడుగుల లోతు అన్నది దస్తావేజు చూసి రేపే ఫోన్లో చెప్పు, ట్రాక్టరు శనివారమే బయలుదేరుతుంది.

చెల్లెమ్మను, పిల్లల్ని అడిగినానని చెప్పు. అమ్మ నిన్ను ఒకసారి వచ్చి పొమ్మంటోంది.

ఇట్లు,
నీ మిత్రుడు